మూత లోపలి సుద్దగీత

ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ప్రయాణాలకీ పెట్టెలు సర్దిపెట్టి, తాను మాత్రం పెట్రోలు బంకు దాటి అవతలికి పోని మనిషి ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. మూతలక్క. ఇందులో నవ్వడానికేమీ లేదు. నవ్వినవాళ్ళ నోటికి సరిపడా మూతలు కూడా ఆవిడ దగ్గర ఉన్నాయి.

ఆవిడ పనిచేసేది ఊరి చివర, ఆఖరి పెట్రోలు బంకుకి ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో. అక్కడ ఎత్తు చక్రాల బళ్ళు అద్దెకిస్తారు. తీసుకున్నవాళ్ళు తామే నడుపుకుంటూ, దుకాణం లేని, కరెంటు స్తంభం లేని, ఫోను పలకని రాళ్ళ మైదానాల్లోకి పోయి, డేరా వేసుకుని, వారమో పది రోజులో ఉండి వస్తారు. "డబ్బులిచ్చి మరీ కష్టాలు కొనుక్కుంటారేంటి వీళ్ళు!" అని చేరిన కొత్తలో ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ మాట మానేసింది. బండి కదిలినప్పుడల్లా అది మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడడం అలవాటైంది.

పెట్టెలు సర్దడమంటే ఏముంది, సామాన్లు లోపల పడెయ్యడమేగా అనుకునేవాళ్ళని ఆవిడ మనుషుల లెక్కలో వెయ్యదు. ఆరు రోజుల ప్రయాణమంటే ఆరో రోజు తిండి అట్టడుగున ఉండాలి, మొదటి పూట తిండి అన్నిటికన్నా పైన ఉండాలి. గుడ్లు ఒక్కొక్కటీ పాత కాగితంలో చుట్టి పిండిడబ్బాలో గుచ్చాలి. నూనె సీసాకి పాత మేజోడు తొడగాలి. అగ్గిపెట్టెలు మూడు వేరువేరు చోట్ల పెట్టాలి, ఒకటి తడిస్తే ఇంకోటి ఉండొద్దూ! నీళ్ళు మనిషికి రోజుకి ఆరు లీటర్లు. ఆ డబ్బాలు బండికి సరిగ్గా నడిమధ్యన పెట్టాలి, బరువంతా వెనక్కి పడితే ఇసకలో చక్రం దిగబడి కూర్చుంటుంది. ఈ సంగతులు ఆవిడకి ఎవరూ నేర్పలేదు. తిరిగొచ్చిన పెట్టెలే నేర్పాయి.

తిరిగొచ్చిన పెట్టె మూత తీసిందంటే లోపలి కథంతా అప్పజెప్పేది. "చూశారా, చాక్లెట్లన్నీ అయిపోయాయి. పిల్లలు దారంతా ఏడ్చారు." "బియ్యం కట్టిన ముడి కట్టినట్టే ఉంది, బిస్కెట్లు మాత్రం ఖాళీ. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు, పొయ్యి ముట్టించినవాళ్ళు లేరు." "రెండు కప్పులిస్తే ఒకటే మురికయ్యింది. కొత్త జంట." ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది. అలా ఊళ్ళోవాళ్ళ ప్రయాణాలన్నీ ఆవిడ మిగులూ తరుగూ చూసి చదువుకుంది. ఒకసారి ఓ పెట్టె అడుగున ఎర్ర ఇసక దొరికింది. గుప్పెడు తీసి పొట్లం కట్టి ఇంటికి పట్టుకెళ్ళింది.

"ఇంట్లో దుమ్ము చాలకా బయటినుంచి తెస్తున్నావ్?" అన్నాడు మొగుడు.

ఆయన సిటీబస్సు డ్రైవరు. పద్నాలుగు కిలోమీటర్లు పోవడం, పద్నాలుగు కిలోమీటర్లు రావడం, అదే ఆయన లోకం. ఎక్కడికైనా పోదామండీ అని ఆవిడ ఎప్పుడు నోరు తెరిచినా ఒకటే జవాబు. "ఆరు రోజులు చక్రం తిప్పి వచ్చినవాణ్ణి, ఏడో రోజు కూడా తిప్పమంటావా? కాస్త జాలి చూపించవే!" ఆ మనిషి మొహం చూస్తే నిజంగానే జాలేసేది. అడగడం మానేసింది. మానేసింది కానీ మరిచిపోలేదు.

అలాంటి ఆవిడ దగ్గరికి ఒక పొద్దున యజమాని వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే నెల కొత్త దారి తెరుస్తున్నాం. తొమ్మిది రోజుల ప్రయాణం. ముందు మన బండి ఒకటి వెళ్ళి చూసి రావాలి. నేనూ, మా ఆవిడా, మెకానిక్కూ వెళ్తాం. నాలుగో సీటు సర్దుడు గదికి. ఏ తిండి ఎన్నాళ్ళు ఆగుతుందో, ఏది కుళ్ళుతుందో కళ్ళారా చూసి పట్టీ రాయాలి."

తొమ్మిది రోజులు! ఏ చెప్పులు వేసుకెళ్ళాలో కూడా మూతలక్క అప్పుడే అనేసుకుంది.

"మీ ఇద్దరిలో ఒకరు," అన్నాడు యజమాని. "నెలాఖరుకి చెప్తాను."

ఇద్దరట! ఆ రెండోది ఎవరో చెప్పాలి. ఆరు నెలల కింద చేరింది. ముప్పై ఏళ్ళుంటాయి. అంతకుముందు మందుల షాపులో పనిచేసేదట, చీటీ చూసి మందులు కట్టివ్వడం. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇక్కడ కూడా తిండి పొట్లాలకి చీటీలు అంటించడం మొదలెట్టింది. "రెండో రోజు సాయంత్రం: బాగా అలిసిపోయి ఉంటారు. గుడ్లు ఉడకబెట్టుకోండి చాలు." "నాలుగో రోజు: ఉల్లిపాయలు ముందు వాడెయ్యండి, ఆగవు." గుండ్రటి అక్షరాలు, చివర ఒక చిన్న పువ్వు బొమ్మ. జనానికి ఎంత నచ్చాయంటే, తిరిగొచ్చాక ఆ చీటీలు పారెయ్యకుండా దాచుకున్నామని చెప్పేవాళ్ళు. అందరూ ఆమెని చీటీలమ్మాయి అనడం మొదలుపెట్టారు. "మాకు చీటీలమ్మాయే సర్దాలండీ" అని ముందే ఫోను చేసి మరీ అడిగేవాళ్ళు.

మూతలక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు "అమ్మా, గుడ్లు ఒక్కటీ పగల్లేదమ్మా" అని వచ్చి చెప్పాడా? పగిలితే చెప్తారు! పగలకుండా చేరిస్తే గుడ్డు గొప్ప. పువ్వు బొమ్మ గీస్తే మాత్రం మహారాణి. దాని చీటీలు నాలుగు రాళ్ళు అడ్డం పెడితే గాలికి ఆగుతాయేమో కానీ, దాని పెట్టె అడుగున బరువు సరిగ్గా పడిందో లేదో చూశారా ఎవరైనా? చూడరు. మూత తియ్యగానే పువ్వు కనబడుతుందిగా! కడుపులో ఆ మంట పొద్దున షెడ్డు తలుపు తియ్యగానే మొదలయ్యేది, సాయంత్రం తాళం వేశాక కూడా ఆరేది కాదు. సిగ్గేసేది కూడా. చిన్నదాని మీద ఈ ఏడుపేమిటని తనని తాను తిట్టుకునేది. తిట్టుకుంటూనే ఏడ్చేది.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!" అన్నాడు మొగుడు అన్నం తింటూ.

"మీరు నోరు మూసుకుని తినండి."

"నేనేమన్నా? సామెత అన్నాను."

ఆవిడ గరిటె చప్పుడయ్యేలా గిన్నెలో వేసింది.

చీటీలమ్మాయి చెడ్డదైతే ఎంత బాగుండేది! కాదే. "అక్కా, అక్కా" అని వెనకాలే తిరిగేది. సర్దిన ప్రతి పెట్టెనీ ఆవిడకి చూపించేది. చూపించాలి మరి, అది ఆ గది కట్టుబాటు. సర్దినవాళ్ళే మూత బిగించకూడదు. ఇంకొకరు వచ్చి పైనుంచి అడుగుదాకా చూసి, మూత లోపలివైపు సుద్దతో ఒక గీత గియ్యాలి. అప్పుడే బిగించాలి. దాన్ని రెండో కన్ను అంటారు. ఆ కట్టుబాటు పెట్టిందే మూతలక్క. పాత రోజుల్లో ఒక పెట్టెలో ఉప్పు మరిచిపోయి, అది తీసుకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి పెట్టిన శాపనార్థాలు విన్నాక పెట్టింది. ఆవిడ గీత తిన్నగా కిందికి దిగి చివర కొక్కెంలా తిరుగుతుంది. గీత గీసేముందు తిట్లుంటాయి. "నూనె సీసా పక్కన పంచదార పెడతావా? నీ మొహం! ఆ కత్తికి తొడుగేదీ?" తిట్టడం అయ్యాకే గీత. చీటీలమ్మాయి నవ్వుతూ అన్నీ సరిచేసుకునేది.

నెలాఖరుకి ఇంకా పదిరోజులుంది. ఆ సోమవారం ఒక కుటుంబం వచ్చింది. బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు, ఆయన భార్య, మూడేళ్ళ పాప. ఆరు రోజుల ప్రయాణం. వీళ్ళకి కూడా చీటీలమ్మాయే కావాలట. ఆమె పెట్టె సర్ది, బల్ల మీదికి జరిపింది.

"అక్కా, రెండో కన్ను!"

మూతలక్క వంగి చూసింది. రొట్టె పైన ఉంది. గుడ్లు పిండిలో ఉన్నాయి. అగ్గిపెట్టెలు మూడు చోట్ల ఉన్నాయి. నేర్చుకుంది మాయదారిది. ఇక స్టవ్వు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

ఆ స్టవ్వుల సంగతి చెప్పాలి. పోయిన నెలే యజమాని కొత్తవి తెచ్చాడు. పాత స్టవ్వుకి గ్యాసు డబ్బాని మర తిప్పి బిగించాలి. కొత్తదానికి నొక్కి పక్కకి తిప్పితే టక్కున పట్టుకుంటుంది. దాని డబ్బా దీనికి ఎక్కదు, దీని డబ్బా దానికి ఎక్కదు. రెండు రకాల డబ్బాలూ నీలం రంగే, రెంటికీ ఎర్ర టోపీలే. పాతదానికి మెడ కాస్త పొడుగు, అంతే తేడా. పెట్టెలో ఉన్నది కొత్త స్టవ్వు. దాని పక్కన వరసగా నిలబెట్టిన అయిదు డబ్బాలకీ మెడలు పొడుగ్గా ఉన్నాయి.

ఆవిడకి టోపీ తియ్యనక్కర్లేకుండానే తెలిసిపోయింది. వేలితో తాకి చూసింది కూడా. నోటిదాకా వచ్చింది తిట్టు. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య లోపలికి వచ్చింది, చేతిలో ఫోనుతో.

"చీటీలమ్మాయంటే మీరేనా! మా అక్క మీ చీటీల గురించి ఎంత చెప్పిందో! ఒక్క ఫోటో దిగుదామండీ." అటూ ఇటూ చూసి, ఫోను మూతలక్క చేతిలో పెట్టింది. "ఏవండీ, మీరు కాస్త ఇలా జరిగి ఒక ఫోటో తియ్యరూ? పెట్టె కూడా పడేలా."

మూతలక్క జరిగింది. ఇరవై రెండేళ్ళుగా తాను నిలబడ్డ చోటునుంచి జరిగి, గోడకి ఆనుకుని ఫోటో తీసింది. ఒకటి సరిగ్గా రాలేదంటే ఇంకోటి తీసింది. అప్పుడు ఫోను తిరిగిచ్చి, సుద్దముక్క తీసుకుని, మూత లోపల గీత గీసింది. చివర కొక్కెం ఎప్పటికన్నా చక్కగా తిరిగింది.

"ఏమీ అనలేదేంటక్కా ఇవాళ?" అంది చీటీలమ్మాయి ఆశ్చర్యంగా.

"అనడానికేముంది?" అంది మూతలక్క.

చీటీలమ్మాయి మొహం వెలిగిపోయింది. మూత బిగించేసింది.

బండి షెడ్డు దాటి ఎదురుగా బంకులోకి పోయింది. అక్కడ డీజిలు కొట్టించుకుని, చక్రాల్లో గాలి చూపించుకుని కదలడానికి పది నిమిషాలు పడుతుంది. రోడ్డు దాటితే ముప్పై అడుగులు. మూతలక్క గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. ఇప్పుడు వెళ్ళి చెప్తా, అనుకుంది. గాలి చూడడం అయ్యాక చెప్తా, అనుకుంది. పాపని ముందు సీట్లోంచి వెనక సీట్లోకి మార్చారు. ఆవిడ కాళ్ళు కదల్లేదు. ఏమవుతుందిలే, రొట్టె ఉంది, బిస్కెట్లున్నాయి, చస్తారా ఏమన్నా! ఒక్కరోజు పస్తుండి తిరిగొచ్చి దాని పువ్వుబొమ్మల మొహాన నాలుగు చీవాట్లు పెడితే తెలిసొస్తుంది పెట్టె సర్దడమంటే ఏమిటో. బండి మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగించబోయి ఆవిడ ఆగిపోయింది. ఈపాటికి వాళ్ళు డేరా వేసుకుని ఉంటారు. చీటీలో ఏం రాసిందో ఆవిడకి తెలుసు. "మొదటి రోజు: అన్నం, గుడ్డు. పాపకి నీళ్ళు బాగా కాచి పాలపొడి కలపండి." అంతసేపూ పాప పాల సంగతే తలపుకి రాలేదు! వెలిగించి ఆర్పింది, మళ్ళీ వెలిగించింది.

"ఏమే, పొయ్యితో ఆటలా?" అన్నాడు మొగుడు.

"ఏవండీ, చంటిది కాదు కానీ మూడేళ్ళ పిల్ల, పచ్చినీళ్ళు తాగితే ఏమన్నా అవుతుందా?"

"ఏ నీళ్ళు?"

"డబ్బాలో నీళ్ళు. ఎండలో కాగిన డబ్బాలో."

"ఎవరి పిల్లే?"

"ఎవరిదో," అని ఆవిడ అటు తిరిగి ఉల్లిపాయ తరిగింది.

మంగళవారం యజమానికి చెప్పేద్దామని రెండుసార్లు ఆయన గదిదాకా వెళ్ళింది. చెప్తే ఏం చెప్పాలి? చూసి ఊరుకున్నానని చెప్పాలి. నాలుగో సీటు పోతుంది, పేరు పోతుంది. పైగా ఫోను అందని చోటుకి చెప్పి మాత్రం ఏం లాభమని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఆవిడకి సర్దడం వచ్చుగా! బుధవారం చీటీలమ్మాయి తెచ్చిన బిస్కెట్ తినకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

గురువారం మధ్యాహ్నం, రెండు రోజుల ముందే, బండి తిరిగొచ్చింది.

మాస్టారు దిగి తలుపు ఎంత గట్టిగా వేశాడంటే షెడ్డు రేకు అదిరింది. గడ్డం మాసిపోయి ఉంది. వెనక సీట్లో ఆయన భార్య భుజం మీద పాప పడుకుని ఉంది, చేతికి దూదీ పట్టీ అంటించి ఉంది. ఫోటో దిగిన మనిషేనా అనిపించేలా ఉంది ఆ తల్లి. స్టవ్వు వెలగలేదు. చుట్టూ రాళ్ళు, పుల్ల దొరకదు. పొద్దున్నే తిరిగిపోదామనుకుంటే దారి తప్పి ఒక రోజు పోయింది. పాపకి చల్లనీళ్ళలోనే పాలపొడి కలిపి ఇచ్చారు. వాంతులు, విరేచనాలు. ఎక్కడో దారిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఒక రోజంతా సెలైను ఎక్కించారు.

"ఇప్పుడు బాగానే ఉందన్నారు," అన్నాడు మాస్టారు. "బాగుండకపోతే నేనేం చేసేవాణ్ణి? చెప్పండి! పువ్వులు గీసుకోవడం కాదమ్మా, బుర్ర ఉండాలి!"

చీటీలమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. యజమాని ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, బతిమాలి పంపించాడు. ఈలోగా ఆమె పెట్టెని దించి లోపలికి మోసుకుపోయింది. మూతలక్క వెనకే వెళ్ళింది. వెళ్ళేసరికి మూత తీసి ఉంది.

ఆవిడ పెట్టెలోకి చూసింది. ఎన్ని వందల పెట్టెలు చదివిన కళ్ళు! బియ్యం కట్టిన ముడి కట్టినట్టే ఉంది. పప్పు అలాగే ఉంది. గుడ్లు పిండిలోంచి బయటికి రాలేదు. బిస్కెట్ల కాగితాలు మాత్రం మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, పొడి కూడా దులుపుకున్నట్టున్నాయి. రెండు అగ్గిపెట్టెల పుల్లలన్నీ కాలిపోయి ఉన్నాయి, వాటి మంట మీదే నీళ్ళు వెచ్చబెట్టాలని చూసినట్టున్నారు. స్టవ్వు మెడ దగ్గర కత్తితో గీకిన గీతలున్నాయి, ఆయన ఎక్కించడానికి చేసిన ప్రయత్నం. పాలపొడి డబ్బా సగానికి వచ్చింది. దాని కిందే చీటీ పడి ఉంది. "నీళ్ళు బాగా కాచి..." పువ్వు బొమ్మ చెమ్మకి అలుక్కుపోయింది.

యజమాని లోపలికొచ్చాడు. "రెండో కన్ను వేశారా దీనికి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మూతలక్క చెయ్యి జేబులో ఉన్న సుద్దముక్క మీదికి పోయింది. మూత వైపు చూసింది. నల్లటి మూత. లోపల గీత లేదు. శుభ్రంగా ఉంది.

"లేదు సార్," అంది చీటీలమ్మాయి. "తొందరలో ఎవరికీ చూపించకుండా నేనే మూసేశాను."

"మూసేశావా!" యజమాని గొంతు లేచింది. "ఈ గదిలో ఉన్నదే ఒక్క కట్టుబాటు. అది కూడా చేతకాకపోతే ఇక్కడెందుకు? రేపట్నుంచి రావద్దు." మూతలక్క వైపు తిరిగాడు. "అమ్మా, నాలుగో సీటు నీదే. అసలు మొదటే నీకు చెప్పాల్సింది. నాదే బుద్ధి తక్కువ." అనేసి వెళ్ళిపోయాడు.

అంతే. కోరుకున్నవన్నీ ఒక్క నిమిషంలో ఒళ్ళో వచ్చి పడ్డాయి. చీటీలమ్మాయి తన కప్పూ, కలమూ, రంగు పెన్సిళ్ళూ సంచిలో వేసుకుంటోంది. ఆమె ఏప్రాను అంచున తెల్లగా సుద్దపొడి ఉంది.

"తుడిచావా?" అంది మూతలక్క.

చీటీలమ్మాయి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఊరుకోండక్కా. తప్పు నాది. పొద్దున కొత్త సరుకు దించారు కదా, పక్క వరసలోంచి తీసేశాను. మీకు చూపించినప్పుడు మీరేమీ అనలేదు. మీరు తిట్టలేదంటే అంతా బాగున్నట్టే కదా అనుకుని బిగించేశాను."

"అయితే తుడవడమెందుకు?"

"మరి... మీ గీత ఉంటే మిమ్మల్ని కూడా అంటారు. పెద్దవాళ్ళయ్యారు, కళ్ళు కాస్త మసకేస్తుంటాయి, అది తప్పు కాదు. కానీ సార్‌కి తెలిస్తే మిమ్మల్ని ప్రయాణానికి పంపడు. మీరు రోజూ గుమ్మంలో నిలబడి బళ్ళని చూడడం నేను చూస్తాను కదక్కా. నాకింకో పని దొరుకుతుంది."

జాలి! దీనికి తన మీద జాలి! మూతలక్క నిలువునా మండిపోయింది. ఇన్నాళ్ళ మంటా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

"మసకా! ఎవరికే మసక?" అని అరిచింది. "సూదిలో దారం ఎక్కిస్తాను చూస్తావా? నా కళ్ళకేం రోగం! చూశాను. అయిదింటికి అయిదూ పాతవేనని చూశాను. చేత్తో తాకి చూశాను. చూసే గీత గీశాను!"

చీటీలమ్మాయి చేతిలో పెన్సిళ్ళు అలాగే ఉన్నాయి. అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒక అడుగు వెనక్కి వేసింది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే బాగుండేది.

"పాప ఉందక్కా ఆ బండిలో," అంది మెల్లగా.

ఆవిడ ఇంక అక్కడ నిలబడలేకపోయింది. మూత చంకన పెట్టుకుని యజమాని గదిలోకి నడిచింది. ఆయన ముందు బల్ల మీద దాన్ని పెట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి, తిన్నగా కిందికి ఒక గీత గీసి, చివర కొక్కెం తిప్పింది.

"ఇది ఇక్కడ ఉండాలి సార్," అంది. "ఆ పిల్ల తుడిచేసింది. డబ్బాలు తప్పని నాకు తెలుసు. తెలిసే గీశాను. ఎందుకంటే అడక్కండి. కుళ్ళు."

యజమాని ఆ గీత వైపు చూశాడు. తరవాత చెయ్యి చాపాడు. ఆవిడ సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

ఉద్యోగం తియ్యలేదు. ఇరవై రెండేళ్ళ మనిషిని తియ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. కానీ రెండో కన్ను పని ఆవిడ దగ్గర్నుంచి తీసేశాడు. ఇకనుంచి గీత మెకానిక్కు గీస్తాడు. మూతలక్క నీళ్ళ డబ్బాలు నింపాలి, తిరిగొచ్చిన పెట్టెలు కడగాలి. ఆ సాయంత్రమే మాస్టారింటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి తానే చెప్పుకుంది. ఆయన తలుపు మొహం మీదే వేశాడు. వేశాడంటే తప్పేముంది. చీటీలమ్మాయిని ఉండమన్నారు. నాలుగో సీటు కూడా ఆమెకే ఇచ్చారు.

మంట ఆరిపోయిందనుకుంటున్నారా? ఎక్కడ! రెట్టింపయ్యింది. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా తనే తప్ప ఎవరూ లేరు. ఇంట్లో సంగతంతా చెప్తే మొగుడు అన్నం కలపడం ఆపి, "సామెత నేనే అన్నాను కదే, తప్పు నాదే" అన్నాడు. నవ్వించడానికన్నాడు. ఆవిడ మొదటిసారి ఆయన ముందు ఏడ్చింది.

ప్రయాణం రోజు వచ్చింది. చీటీలమ్మాయి తన బండికి తానే పెట్టె సర్దుకుంది. మెకానిక్కు వచ్చి చూసి గీత గీశాడు. ఈ మూడు వారాలూ ఆమె మూతలక్కతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటిది, పెట్టెని ఈడ్చుకుంటూ నీళ్ళ పంపు దగ్గరికి తీసుకొచ్చింది.

"గీత అక్కర్లేదు," అంది, మొహం చూడకుండా. "ఊరికే చూడండి."

మూతలక్క చేతులు తుడుచుకుని మూత తీసింది. తొమ్మిది రోజుల తిండి. ఎవరూ చూడని దారి. తాను కూర్చోవలసిన సీటు. ఆ రొట్టె చూస్తేనే కళ్ళల్లో నిప్పులు రేగాయి. ఒక్కొక్కటీ బయటికి తీసి గట్టు మీద పెట్టడం మొదలెట్టింది. గ్యాసు డబ్బాలు ఒక్కొక్కటీ టోపీ తీసి, స్టవ్వుకి ఎక్కించి, టక్కుమనిపించి చూసింది.

"బియ్యం ఎవరే ఈ మూల పెట్టింది? మొదటి గుంటకే పక్కకి ఒరుగుతుంది. ఏమిటీ, రెండే గుడ్డముక్కలా? తొమ్మిది రోజులు గిన్నెలు దేంతో తుడుస్తావ్, నీ చీటీల్తోనా? టమాటాలు పైన పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి! మందుల షాపు బుద్ధి, మందుల షాపు బుద్ధి!"

చీటీలమ్మాయి ఒక్కొక్కటీ అందించింది. నవ్వలేదు. కానీ వెళ్ళిపోలేదు. అంతా తిరిగి సర్దేశాక మూత ఆవిడే బిగించింది, గీత లేకుండా. బండి కదిలి ఎదురుగా బంకులోకి పోయింది.

మూతలక్క గుమ్మంలో నిలబడలేదు. చూడబుద్ధి కాలేదు. నీళ్ళ పంపు దగ్గరికి తిరిగొచ్చి గట్టు తుడవబోయింది. గట్టు మీద ఉప్పు పొట్లం ఉంది.

తనే బయటికి తీసింది. తిట్టే హడావుడిలో తనే మరిచిపోయింది. ఎవరికీ తెలియదు. మెకానిక్కు గీత గీసేశాడు, తప్పు వాడిదవుతుంది. తొమ్మిది రోజులు ఉప్పులేని కూడు తిని వస్తారు, ప్రాణాలేమీ పోవు. ఆ మహారాణి మొహం అప్పుడు చూడాలి. ఈ ఆలోచనలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చాయి, అబద్ధమెందుకు. అవి వస్తూండగానే ఆవిడ గేటు దాటేసింది.

యాభై దాటిన మనిషి, తడి ఏప్రానుతో, ఒక చెప్పు రోడ్డు మధ్యలో వదిలేసి, చేతిలో పొట్లం పైకెత్తి పరిగెత్తింది. లారీవాడు బ్రేకు వేసి ఏదో తిట్టాడు. బండి అప్పటికే కదులుతోంది.

"ఆగవే! ఆగు!"

బండి ఆగింది. వెనక అద్దం దిగింది. మూతలక్క పొట్లం లోపలికి తోసింది. ఊపిరి అందడం లేదు.

"ఉప్పు," అంది. "నేనే... బయట పెట్టేశాను. నా తప్పే. మెకానిక్కుది కాదు."

చీటీలమ్మాయి పొట్లం అందుకుంది. ఆవిడ కాళ్ళ వైపు, చెప్పులేని ఆ పాదం వైపు చూసింది. యజమాని గేరు వేశాడు. బండి వెళ్ళి మలుపు తిరిగింది.

మూతలక్క బంకు అవతలి అంచున నిలబడింది. అంత దూరం ఆవిడ ఎప్పుడూ రాలేదు.

"అది నా సీటు," అంది పైకే.

గాలి పట్టే ముసలాయన గొట్టం చుడుతూ తల తిప్పాడు. "ఏంటక్కా?"

"ఏం లేదు. నీ పని చూసుకో," అని, రోడ్డు మధ్యలో చెప్పు ఎక్కడ పడిందో వెతుక్కుంటూ వెనక్కి నడిచింది.